మూడో పిలుపు

వాన వెలిసిన ఉదయం. కోర్టు వరండాలో తడి గొడుగుల వాసన, నల్లకోట్ల వాసన, పక్క అంగట్లో కాగుతున్న అల్లం టీ వాసన ఒకటిగా కలిసిపోయాయి. లోపల నా కేసు రావడానికి ఇంకా సమయం ఉంది. అటెండరు గుమ్మం దగ్గర నిలబడి ఎవరినో పిలిచాడు. "పరంధామా!" కొంచెం ఆగి మళ్ళీ, "పరంధామా!" అంతటితో ఆ గొంతు ఆగిపోయింది. నాకు తెలియకుండానే నా కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకున్నాయి. మూడోది ముడుచుకోవడానికి సిద్ధంగా నిలబడింది. ఆ వేలికి ఈ అలవాటు నేర్పింది కోమలవల్లి మేడం.

మేడం మాకు తిరుపతిలో సివిల్ ప్రొసీజరు చెప్పేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె నవ్వితే పక్క తరగతిలో పాఠం ఆగేది. సొంతూరు చిత్తూరు అవతల, అరవదేశం సరిహద్దులో. అందుకని కోపం వస్తే తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించేది. నాకేమో అప్పటికి కోపం వచ్చినా, సంతోషం వచ్చినా నోట్లోకి బైబిలు వాక్యమే వచ్చేది. మా నాయన పాకాల దగ్గర ఒక పల్లెలో సంఘ కాపరి. ప్రార్థన మందిరంలో పరిచిన చాపల మీద నేను నడక నేర్చుకున్నాను. అక్షరాల కంటే ముందు వచనాలు నేర్చుకున్నాను. న్యాయపీఠం దేవుడు నిలబెట్టినదని, అక్కడ కూర్చున్నవారికి సహాయంగా ఉండటానికే దేవుడు నన్ను ఈ చదువుకు పిలిచాడని గట్టిగా నమ్మి లా కాలేజీలో చేరాను. ఇప్పుడూ నమ్ముతాను. కాకపోతే అప్పట్లో ఆ పీఠం ఎదుట నిలబడేవాళ్ళ గురించి నాకేమీ తెలియదు.

చివరి ఏడాది మాకొక అధ్యయనం అప్పగించారు. పల్లెల్లో ఉండేవాళ్ళకు సివిల్ న్యాయం ఎంతవరకు అందుతోందో మేమే కోర్టులకు వెళ్ళి చూసి రాయాలి. ఒక్కొక్కరికి ఒక్కో కోర్టు పంచారు. పాకాల దాటాక వచ్చే ఒక చిన్న ఊరి కోర్టు నాకు వచ్చింది. ఊరి పేరు చెప్పను. ఇందులో ఉన్నవాళ్ళు చాలామంది ఇంకా అక్కడే తిరుగుతున్నారు. మొదటి రోజు మేడం నాతో పాటు కాట్పాడి ప్యాసింజరులో వచ్చింది. రాత్రంతా కూర్చుని తయారుచేసుకున్న ప్రశ్నల కాగితాలు నా చేతిలో ఉన్నాయి. కోర్టు ఎదుట సైకిళ్ళు పెట్టుకునే రేకుల పంచ కింద ఒక పెద్దాయన కూర్చుని ఉంటే, నమస్కారం పెట్టి మొదటి ప్రశ్న చదివాను. "అయ్యా, సివిల్ న్యాయం మీకు అందుబాటులో ఉందా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఉండాది పాపా. బస్సు దిగితే ఎదురుగానే ఉండాదే" అని కోర్టు వైపు చెయ్యి చూపించాడు.

మేడం నవ్వాపుకోలేక పంచ రాటను పట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, నా చేతిలోని కాగితాలు తీసుకుని, టీ అంగడికి వెళ్ళి వేడి మసాలా వడలు కొని ఆ కాగితాల మీదే పెట్టుకుని వచ్చింది. మొదటి వడ ఆ పెద్దాయనకు, రెండోది నాకు. "తినమ్మా కరుణా. నీ ప్రశ్నలకు ఇంతకంటే మంచి పని దొరకదు" అంది. నాకు ఏడుపొచ్చింది. వడ మాత్రం బాగుంది.

తిరుగు రైల్లో ఆమె తన పద్ధతి చెప్పింది. ఇకమీద ఎవరినీ ఏమీ అడగకూడదు. వాయిదాలకు వచ్చినవాళ్ళతో కలిసి కూర్చోవాలి, వాళ్ళు తినేటప్పుడు తినాలి, వాళ్ళ పక్కన ఎదురుచూడాలి. సాయంత్రం వచ్చేటప్పుడు ఆమెకు ఒకటే తేవాలి, ఆ రోజు ఆ పంచ కింద జనం నవ్విన మాట. "ఏడుపు అందరికీ ఒకే మాదిరి ఉంటుంది. జనం యాడ నవ్వుకుంటారో చూడు, సొట్ట ఆడుంటుంది" అనేది.

ఆమె చెప్పినట్టే చేశాను. పగలంతా మిగతా విద్యార్థులను చూసుకుని, సాయంత్రం మేడం పాకాలలో నా రైలే ఎక్కేది. ఒకరోజు ఒకాయన అన్న మాట తెచ్చాను. "నేను దావా ఏసినప్పుడు నా కొడుకు ఉయ్యాల్లో ఉండె. ఇప్పుడు వాడే నన్ను బండి మీద ఎక్కించుకొని వాయిదాకి తెస్తాండాడు." ఇంకోరోజు ఇంకొకరి మాట. "మా వకీలు నాతో తెలుగులో మాట్లాడతాడు, కోర్టులోకి పొయ్యి ఇంగ్లీషులో మాట్లాడతాడు. గెలిచినానో ఓడినానో ఆయప్ప మొగం సూసి తెలుసుకోవాల." మేడం పగలబడి నవ్వేది. నవ్వు అయ్యాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇప్పుడు చెప్పు, ఇందులో ఏముంది?" అని అడిగేది. పాకాల నుంచి తిరుపతి చేరేలోపు ఆ నవ్విన మాటలోంచి ఒక పాఠమంతా బయటికి లాగేది. ఆమె పెరటాసి నెల శనివారాలు కొండమీది స్వామికి ఒంటిపొద్దులు ఉండేది, నేను శుక్రవారాలు ఉపవాసం ఉండేదాన్ని. నేను తిననన్నప్పుడల్లా దద్దోజనం క్యారియరు మూత పెడుతూ, "మీ దేవుడూ మా దేవుడూ ఒక మాట అనుకొని నా క్యారియరు మిగిలిస్తాండారు" అనేది.

ఆ పంచ కిందనే నాకు మునెమ్మవ్వ పరిచయమైంది. ఒంటరి మనిషి. రెండు పాడి ఎనుములు, కొంచెం చేను, చేనులోనే రేకుల ఇల్లు. రోడ్డు నుంచి ఆ ఇంటికి ఉన్న ఒక్క దారినీ పక్క చేనాయన రాతికడీలు పాతి, ముళ్ళకంప వేసి మూసేశాడు. అప్పటి నుంచి ఆమె వంకలో దిగి, ఎక్కి, పాల క్యాను నెత్తిన పెట్టుకుని డెయిరీకి వెళ్ళేది. వానాకాలం వంక పారితే అదీ లేదు. పాలు ఇంట్లోనే విరిగిపోయేవి. దారి తెరిపించమని వేసిన దావా ఆమెకున్న ఒకే ఆశ. "ఇంకో వానకాలానికి దావ తెరవకపోతే ఎనుముల్ని అమ్మేయాల్సిందే పాపా. అవి పోయినంక నేనేం జేసేది ఆడ?" అంది ఒకసారి. గంగమ్మకు మొక్కుకున్నానని చెప్పింది. నేను మా ప్రభువుకు చెబుతానన్నాను. "చెప్పు చెప్పు. ఇద్దురూ పెద్దోళ్ళే గదా" అంది.

ఆ వాయిదా రోజు ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ఆమె వకీలు చెంగల్రాయులుగారు చిత్తూరులో ఇంకో కేసు చూసుకుని వస్తానని, వచ్చేదాకా ఎక్కడికీ కదలవద్దని చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం కావస్తోంది. అటెండరు సుబ్రమణ్యం గుమ్మంలోకి వచ్చాడు. మామూలుగా ఆయన పిలిస్తే బస్టాండు దాకా వినిపించేది. ఆ రోజు జలుబు చేసి గొంతు పట్టేసింది. మెడకూ మూతికీ మఫ్లరు చుట్టుకుని, గుమ్మం నీడలోంచే, "మునెమ్మా!" అన్నాడు.

"అవ్వా, నిన్నే" అని నేను లేచాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఉండు పాపా. తొందరేల?"

"పిలుస్తున్నారు కదా!"

"ఒగ పిలుపుకి పలుకుతారా ఎవురైనా? మొగం కనపడకుండా పిలిస్తే మూడో పిలుపుకే పలకాల. దయ్యాలకి మూడోసారి పిలిచేదానికి చేతకాదు. మీ యమ్మ చెప్పల్యా నీకు?"

"మునెమ్మా!" రెండో పిలుపు వచ్చింది.

"ఆఁ. ఇంగొకటి" అని ఆమె కొంగు సర్దుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని సిద్ధమైంది. నాకు నవ్వొచ్చింది. మందిరంలో నిద్రపోతున్న పిల్లవాణ్ణి దేవుడు పేరుపెట్టి పిలిస్తే, వాడు మొదటి పిలుపుకే లేచి పరుగెత్తిన సంగతి ఆదివారం బడిలో నేనే ఎంతోమంది పిల్లలకు చెప్పాను. అదే ఆమెకూ చెప్పాను. మునెమ్మవ్వ శ్రద్ధగా విని, "ఆ పిల్లోడు గుళ్ళో పండుకోనుండె గదా. గుళ్ళోకి దయ్యాలు యాడొస్తాయి? ఇది కోర్టు పాపా!" అంది. పక్కనున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఈ రోజు మేడానికి తీసుకెళ్ళవలసిన మాట దొరికిందని నేనూ మురిసిపోయాను. ఆమె లెక్క కూడా నాకు తప్పనిపించలేదు. కోర్టులో మూడుసార్లు పిలవడం ఆనవాయితీ అని మేడమే తరగతిలో చెప్పింది. అందుకని ఇద్దరమూ మూడో పిలుపు కోసం ఎదురుచూశాము.

అది రాలేదు. కాసేపటికి లోపలినుంచి కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. జడ్జిగారు భోజనానికి లేచారు. నేను పరుగెత్తి బెంచి క్లర్కును అడిగితే, ఆయన జాలిగా చూశాడు. "పార్టీ రాలేదు, వకీలు రాలేదు. కేసు కొట్టేశారమ్మా. ఇప్పుడు నేనేం జెయ్యలేను. మళ్ళీ తీసుకోమని పిటిషన్ ఏసుకోవాల."

మునెమ్మవ్వకు ఆ మాట చెప్పడం నావల్ల కాలేదు. బెంచి క్లర్కే బయటికి వచ్చి చెప్పాడు. ఆమె చెప్పులు విడిచి మళ్ళీ పక్కన పెట్టుకుంది. తర్వాత, "నేను ఈడనే ఉండానే అప్పా. ఇంగొకసారి పిలిచింటే వచ్చేదాన్ని గదా" అంది, తప్పు ఎవరిదో నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

ఆ సాయంత్రం రైల్లో మేడం ఎప్పటిలాగే, "ఏం తెచ్చినావమ్మా?" అని అడిగింది. చెప్పాను. దయ్యాల దగ్గర ఆమె నవ్వింది. కేసు కొట్టేశారన్న మాట దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. తిరుపతి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, "రేపు నేనూ వస్తాండా" అంది.

మరునాడు చెంగల్రాయులుగారి గదిలో కూర్చున్నాము. ఆయన మంచి మనిషే. ఆలస్యంగా వచ్చినందుకు నిజంగానే బాధపడుతున్నాడు. ఆ బాధలోనే చకచకా అఫిడవిట్ చెప్పడం మొదలుపెట్టాడు. వాదికి ఆ రోజు తీవ్రమైన జ్వరం వచ్చి హాజరు కాలేకపోయిందని. మునెమ్మవ్వ ఉలిక్కిపడింది.

"నాకు జరం యాడొచ్చింది నాయనా? రాలేదు. వచ్చిందని రాస్తే వస్తాది!"

"అందరికీ అదే రాస్తాం లేవ్వా. జడ్జిగారు జ్వరం అంటే ఏమీ అడగరు. దయ్యాలు, మూడో పిలుపు అని రాస్తే కోర్టంతా నవ్వుతుంది. కేసు పోతే నన్ననొద్దు."

మేడం నా వైపు తిరిగింది. "నువ్వేమంటావు కరుణా?"

నేను తల వంచుకున్నాను. అబద్ధ ప్రమాణం పాపమని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నా కళ్ళముందు వంక పారుతోంది, ఎనుములు సంతకు పోతున్నాయి. "నిజం రాస్తే ఒప్పుకుంటారంటారా మేడం?" అన్నాను మెల్లగా.

"ఏమ్మే, నీకు నమ్మకం జాస్తి అనుకొంటినే! ఆదివారం చదివింది బుధవారం కోర్టులో పనికిరాదా?" ఎత్తిపొడిచినా ఆమె గొంతులో కోపం లేదు. చెంగల్రాయులుగారి వైపు తిరిగి, "జరిగింది జరిగినట్టు రాయండి అప్పా. నవ్వనీ. నవ్వినాక ఆలోచిస్తారు. ఈమె జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న మనిషి కాదు, మీ కోర్టు ముందరే కూర్చున్న మనిషి. ఆ మాట మనమే చెరిపేస్తే ఇంకెవరు చెప్తారు?" అంది.

విచారణ రోజు వచ్చేదాకా మా సంఘమంతా ప్రార్థించింది. ఎవరి కోసమో పేరు చెప్పలేదు, దారి కోసం అని మాత్రం చెప్పాను. మా నాయన, న్యాయాధిపతి తలుపు తట్టడం మానని విధవరాలి ఉపమానం ఎత్తుకుని ఆ ఆదివారం ప్రసంగమంతా దాని మీదే చేశాడు. ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం ఆ విధవరాలు నెత్తిన పాల క్యాను పెట్టుకుని కనిపించింది నాకు.

జడ్జిగారు వయసులో చిన్నవారు. అఫిడవిట్ చదువుతూ చదువుతూ ఒకచోట ఆగారు. పెదవులు బిగించారు గాని నవ్వు ఆగలేదు. అవతలి వకీలు లేచి, దయ్యాల భయం చట్టం ఒప్పుకునే కారణం కాదన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను. మేడం మాత్రం వెనక బెంచీలో చేతులు కట్టుకుని నిశ్చింతగా కూర్చుంది.

జడ్జిగారు గుమ్మం వైపు చూశారు. "సుబ్రమణ్యం, ఆ రోజు ఎన్నిసార్లు పిలిచావు?"

పాపం, సుబ్రమణ్యం గుమ్మంలోంచి రెండడుగులు ముందుకొచ్చాడు. ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. మూడుసార్లు అంటే అయిపోతుంది, ఎవరూ కాదనలేరు. ఆయన మునెమ్మవ్వ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "గొంతు పట్టుకోనుండె సార్. రెండుతో ఆపేసినా" అన్నాడు.

జడ్జిగారు అవతలి వకీలు వైపు తిరిగారు. "దయ్యాల భయం ఆమెది. మరి మూడుసార్లు పిలవడం ఎవరి ఆనవాయితీ? మనదే కదా. మన మాట మీద నమ్మకంతో కూర్చున్న మనిషిని రాలేదని ఎలా అంటాం?" అని సంతకం పెట్టారు. కేసు మళ్ళీ బతికింది. ఆయన మునెమ్మవ్వను చూసి, "ఇకనైనా మొదటి పిలుపుకే వస్తావా?" అని అడిగారు. ఆమె సుబ్రమణ్యాన్ని పరీక్షగా చూసి, "వస్తా సామీ. ఇంగ ఈయప్ప మొగం సూసినా గదా, దయ్యం గాదని తెలిసిపాయ" అంది. ఈసారి అందరికంటే ముందు నవ్వింది సుబ్రమణ్యమే.

ఆ తర్వాత కోర్టు పంపిన కమిషనరు వెళ్ళి దారి చూశాడు. పాత బండిజాడలు కంపకింద అలాగే ఉన్నాయి. వానలకు ముందే కోర్టు ఉత్తర్వుతో కడీలు పీకించారు. మునెమ్మవ్వ మా ఇద్దరినీ పిలిచింది. రోడ్డు దగ్గర బస్సు దిగితే, ఎదురొచ్చి మమ్మల్ని ఆ దారినే నడిపించుకుని పోయింది. ముందు కొత్తగా ఈనిన ఎనుము, దాని వెనక దూడ, దాని వెనక అవ్వ, ఆమె వెనక చెప్పులు చేతిలో పట్టుకుని మా మేడం. "చెప్పులెందుకు తీసేశారు మేడం?" అంటే, "ఈ దావ ఎట్లా ఉండాదో కాలికి కూడా తెలవద్దా" అంది. ఇంటి దగ్గర జున్ను పెట్టింది అవ్వ, యాలకులు దంచి, బెల్లం వేసి. ఆ రోజు పెరటాసి శనివారమని మేడానికి గుర్తుచేశాను. "ఆయన చూసుకుంటాడులే, నువ్వు గమ్మనుండు" అని రెండోసారి పెట్టించుకుంది.

అధ్యయనంలో నా భాగం రాసేటప్పుడు చదివిన పెద్ద మాటలన్నీ పేర్చాను. మేడం ఒక్కొక్కటే కొట్టేసి, చివరికి పంచ కింద విన్న మాటలు మాత్రం మిగిల్చింది. మూడుసార్లు పిలవాలని, పిలిచేవాడు గుమ్మం దాటి బయటికొచ్చి ముఖం కనిపించేలా పిలవాలని నేను రాసుకున్న సలహాను మాత్రం ముట్టుకోలేదు. కాలేజీలో కొందరు దాన్ని చదివి నవ్వారు. మేడం సంబరపడిపోయింది. "నవ్వినారా? అయితే సరిగ్గా రాసినావు" అంది.

మేడం పోయిన ఏడాది వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో చెవులు సరిగా వినపడేవి కావు. తిరుపతిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా తలుపు దగ్గర నిలబడి, "మేడం!" అని పిలిచేదాన్ని. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి లోపలినుంచి ఆ పెద్ద గొంతు వచ్చేది, "దయ్యం కాదు, కరుణే! రా!" నిజంగా వినపడక ఆగేదో, కావాలనే ఆగేదో నాకు తెలియదు. మా విశ్వాసంలో చివరికి ఒక పిలుపు ఉంది. పేరుపెట్టి పిలుస్తారు, సమాధుల్లో నిద్రపోయినవారు లేస్తారు. ఆమె నమ్మకం వేరు, నా నమ్మకం వేరు. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ వాదులాడుకోలేదు. అయినా ఆమెను తలుచుకుని మోకరించినప్పుడల్లా నేను అడిగేది ఒకటే. ప్రభువా, ఆమెను రెండు పిలుపులతో వదిలేయవద్దు.

వరండాలో అటెండరు లోపలికి తిరిగాడు. అతనికి గొంతు బాగానే ఉంది, ఓపికే లేదు. నేను కోటు సర్దుకుని మెట్లు దిగాను. వానకు తడిసిన ఈ కోర్టు పంచ కింద, స్కూటర్ల నడుమ, భుజం మీద తువ్వాలుతో ఒక ముసలాయన కుదురుగా కూర్చుని కోర్టు గుమ్మం వైపే చూస్తున్నాడు. నేను ఆయనకు కనిపించేలా ఎదురుగా నిలబడి, మా మేడం గొంతంత పెద్దగా పిలిచాను.

"పరంధామా!"

"వస్తాండా తల్లీ" అంటూ ఆయన లేచాడు.